కాల్చని చేను

మా కాలేజీలో నా తర్వాత చదివిన ఒకమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది. పొగ తగ్గింపు క్రెడిట్లు కొని అమ్మే కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం వచ్చిందట. "అక్కా, నువ్వు చేశావు కదా, చేరమంటావా?" అని అడిగింది. బాబుకి అన్నం తినిపిస్తున్నాను, తర్వాత మాట్లాడతానన్నాను. వాడు పడుకున్నాక ఫోన్ చేతిలోకి తీసుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నోటితో చెబితే సగమే చెబుతానని భయమేసింది. అందుకని రాస్తున్నాను. పర్యావరణం చదువుకుని ఇలాంటి ఉద్యోగాల్లోకి వెళ్ళబోయే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

ముందు ఆ వ్యాపారం ఏమిటో చెప్పాలి. ఎక్కడో ఒక ఫ్యాక్టరీ పొగ వదులుతుంది. ఆ పొగ తగ్గించుకోవడం వాళ్ళకి ఖర్చుతో కూడిన పని. ఇక్కడ కోతలయ్యాక రైతు చేలో గడ్డి తగలబెడతాడు. అతను తగలబెట్టకుండా ఆపగలిగితే అంత పొగ గాలిలో కలవదు. ఆ కలవని పొగని లెక్కగట్టి, దానికి క్రెడిట్ అని పేరుపెట్టి, మా కంపెనీ ఫ్యాక్టరీకి అమ్ముతుంది. రైతుకి కొంత ఇస్తుంది. ఇదంతా మా నాన్నకి చెబితే, "అంటే లేని పొగని అమ్ముతారన్నమాట. ధాన్యమైతే కాటా వేస్తారు. దీన్నెట్లా తూస్తారే?" అన్నాడు. శాటిలైట్ ఫోటోలతో అని చెప్పాను. చేలో మంట పడితే మ్యాపులో ఎర్ర చుక్క కనబడుతుంది. మా ఉద్యోగమంతా ఆ చుక్క పడకుండా చూడటమే.

నాకు ఆ ఉద్యోగం మీద ఆశ పుట్టింది మా బాబు వల్ల. వాడికి ఆయాసం. మా ఇల్లు బందరు శివార్లో. కోతల కాలంలో సాయంత్రమయ్యేసరికి చేల మీద నుంచి పొగ వచ్చి వీధిలో పేరుకునేది. తలుపులు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి, వాడి మూతికి నెబ్యులైజర్ పట్టుకుని కూర్చునేదాన్ని. ఊపిరి తీసినప్పుడల్లా వాడి పక్కటెముకలు లోపలికి పోతుంటే నా ప్రాణం కూడా వాటితోపాటే పోతున్నట్టుండేది. గడ్డి కాల్చకుండా ఆపండి, జీతం కూడా ఇస్తామంటే నేనెందుకు కాదంటాను?

బందరులో ఒక మేడ మీద గది మా ఆఫీసు. కోడూరు, నాగాయలంక మండలాల్లో కొన్ని ఊళ్ళు మా కింద ఉండేవి. వాటన్నిటినీ కలిపి క్లస్టర్ అనేవాళ్ళం. ఫీల్డులో తిరిగేది ఇద్దరం. నేను, మా సీనియర్. ఆయన అంతకుముందు పురుగుమందుల కంపెనీలో పనిచేశాడు. దివిసీమలో ఏ ఊళ్ళో బండి ఆపినా ఎవరో ఒకరు "ఏం బావా, ఇటొచ్చావు" అని పలకరించేవారు. "మొన్నటిదాకా మందు కొట్టండని తిరిగాను. ఇప్పుడు మంట పెట్టొద్దని తిరుగుతున్నాను. పాపం రైతు అప్పుడూ టీ ఇచ్చాడు, ఇప్పుడూ ఇస్తున్నాడమ్మా" అని నవ్వేవాడు.

రైతుల్ని చేర్చే పని ఆయన చూశాడు. భూమి పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ సంతకం తీసుకోవాలని కంపెనీ నియమం. ఆయన అలాగే చేశాడు. కొన్ని సంతకాలు బెజవాడ అపార్టుమెంట్లలో కూర్చుని పెట్టినవి. మా ప్రాంతంలో చేను ఒకరిది, చేసేది ఒకరు. కౌలుకి కాగితముండదు, మాటే. మొదటి పంట వరిలోంచి చేను గల ఆసామికి కౌలు బస్తాలు కొలిచేస్తారు. ఆ తర్వాత అదే చేలో వేసే మినుము మాత్రం కౌలుదారుది. వరి మీద మిగిలేది అంతంతమాత్రం. పిల్లల చదువైనా, ఇంటి మీద రేకైనా మినుముల మీదే. ఇది డెల్టాలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. కంపెనీ రూల్స్ రాసినవాళ్ళకి తెలియదు. తెలిసిన మేమూ రూలు చదివాం గానీ దాని వెనకాల మనిషిని ఊహించలేదు.

కోడూరు అవతల అలాంటి చేను ఒకటి. కౌలుకి చేసేది భార్యాభర్తలు. అతన్ని నేను అన్నయ్యా అనేదాన్ని, ఆవిడని వదినా అని. వాళ్ళకి ఈ ప్రాజెక్టు సంగతి ఎలా తెలిసిందంటే, ఒకరోజు పొద్దున చేలోకి వెళ్ళేసరికి గట్టు మీద మా కంపెనీ బోర్డు పాతి ఉంది. ఇంగ్లీషులో పేరు, ఆకుపచ్చ ఆకు బొమ్మ. నేను అటు వెళ్ళేసరికి వదిన బోర్డు ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ప్లాట్లు వేస్తున్నారా అమ్మాయి గారూ? ఆసామి గారు అమ్మేశారా?" అని అడిగింది.

"లేదు వదినా. ఈ చేలో గడ్డి కాల్చరు అని రాసి ఉంది."

ఆవిడ బోర్డు వంకా నా వంకా చూసింది. "కాల్చేది మేమైతే, కాల్చనని ఆయన రాసిచ్చాడా?" అని, ఒక్కసారిగా నవ్వింది. "బాగుందమ్మా. నేను ఉపాసముంటానని మా అత్త మొక్కుకున్నట్టు."

ఆ నవ్వుకి నేనూ నవ్వాను. పరిచయం అలా మొదలైంది. తర్వాత ఒకరోజు బాబుని ఎక్కడా వదిలే దారి లేక బండి మీద నాతో తీసుకెళ్ళాను. పక్కచేల్లో ఎవరో గట్టు తుప్పలు తగలేశారు. నిమిషాల్లో వాడికి ఎగపోత మొదలైంది. నేను సంచిలో మందు వెతుక్కుంటుంటే వదిన వాణ్ణి చంకనేసుకుని గాలికి ఎదురుగా కాలవ గట్టు మీదుగా దూరంగా నడిచింది. వాడు తేరుకున్నాక, "చిన్న ఊపిరి. పొగ ఎంత పెద్దదో దానికేం తెలుసు" అంది.

ఆ ఏడు పల్లపు చేలు ఇంకా కోయకముందే తుఫాను పట్టింది. ఇక్కడ మినుము వేసే పద్ధతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మామూలు ఏడైతే వరి ఇంకా నిలబడి ఉండగానే కోతకి ముందు మినుము చల్లేస్తారు. వరి కోసేటప్పటికి అడుగున మొలక వచ్చి ఉంటుంది. నేలలో మిగిలిన తడితోనే ఆ పంట పండుతుంది. తుఫానుకి వరి పడిపోయి నీళ్ళలో నానింది. చైన్ మిషన్ దించి ఎలాగో కోయించారు. మిషన్ వెనకాల తడి గడ్డి బారులు బారులుగా మందంగా పడింది. ఆ గడ్డి కింద మినుము మొలవదు. గడ్డి తీసెయ్యాలి, లేదా కాల్చెయ్యాలి. అదీ నేలలో ఆ తడి, పదును ఉండగానే. పదును పోతే ఇక ఆ ఏటికి మినుము లేదు.

గడ్డిని కట్టలు కట్టి తీసుకెళ్ళే మిషన్ పంపుతామని కంపెనీ మాటిచ్చింది. మిషన్ వచ్చింది కూడా. తడి గడ్డి దాని నోట్లో ఇరుక్కుని ఆగిపోయింది. ఎండాక కబురు చెయ్యమని డ్రైవరు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అన్నయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో అగ్గిపెట్టె తిప్పుతున్నాడు.

"పైపైన ఆరింది మేడం. గాలి సముద్రం వైపుకి తిరిగింది. ఒక గంటలో అయిపోద్ది. సాయంత్రానికి మినుములు చల్లేసుకుంటాను."

"ఇంకొక్క రెండ్రోజులు ఆగన్నయ్యా, మిషన్ మళ్ళీ వస్తుంది."

"మీ మిషన్‌కి గడ్డి గలగలలాడాలి. గడ్డి గలగలలాడేనాటికి నేల బిగుసుకుపోద్ది. అప్పుడు చల్లితే పావురాలకి మేత వేసినట్టే."

అతను చెప్పింది నాకు తెలియనిది కాదు. నేనూ చేలున్న ఇంట్లోనే పుట్టాను. అక్కడే నిలబడి మా మేనేజరు గారికి ఫోన్ చేశాను. ఆయన హైదరాబాదులో ఉంటారు. సంగతంతా చెప్పి, ఈ ఒక్క చేనునీ ప్రాజెక్టులోంచి తీసెయ్యమన్నాను. సీజను మధ్యలో తీస్తే ఎందుకు తీశారని కొనేవాళ్ళు అడుగుతారన్నారు. పోనీ, గడ్డి తీయించడానికి కూలీ ఇప్పించమన్నాను. ఆ పద్దు లేదన్నారు. "మేడమ్, క్లస్టర్‌లో ఒక్క ఎర్ర చుక్క పడితే అందరి క్రెడిట్లూ ఆగిపోతాయి. మీరే ఏదో ఒకటి చెప్పి ఒప్పించండి" అని పెట్టేశారు.

అప్పటికే ఎవరో ఆసామికి కబురందించినట్టున్నారు. అన్నయ్య ఫోన్ మోగింది. బెజవాడ నుంచి ఆయన మాట్లాడుతుంటే పక్కనున్న నాకు కూడా వినబడింది.

"ఏరా, సంతకం పెట్టింది నేను. మాట పోయేది నాది. నువ్వు గాని అగ్గిపుల్ల గీశావంటే వచ్చే తొలకరికి చేను వేరేవాళ్ళకిస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

"అది కాదండీ, పదును పోతే..."

"నాకు చెప్పొద్దు" అని ఫోన్ పెట్టేశాడాయన.

కాలిస్తే చేను పోతుంది. కాల్చకపోతే మినుము పోతుంది. అన్నయ్య అగ్గిపెట్టె వంక చూస్తూ కూర్చున్నాడు. వదిన అప్పుడే అన్నం క్యారేజీతో వచ్చింది. మా ఇద్దరి మొహాలు చూసి అడక్కుండానే తెలుసుకుంది. క్యారేజీ గట్టు మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది.

"ఆసామి గారికి పొగ పడదు, అమ్మాయి గారి బాబుకి పొగ పడదు. మనకి పడనిదేముంది? లే, చేతుల్తో ఏరేద్దాం."

"తడి గడ్డే. ఇద్దరం ఎన్నాళ్ళు ఏరతామే?" అన్నాడు అన్నయ్య.

"ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. పెళ్ళినాడు మాత్రం ఎన్నాళ్ళని అడిగావా?" అని, నా వైపు తిరిగి, "మీ వాడి కోసమే అనుకుంటాం లెండి. ఆ రోజు ఎట్టా ఎగపోశాడో చూశాగా" అంది.

ఆ మాట ఎందుకందో నాకప్పుడే తెలుసు. ఆసామికి భయపడి ఆగాడు అనిపించుకోకుండా మొగుడి పరువు కాపాడింది. ఒక పసివాడి కోసం ఆగాడు అంటే అందులో కొంచెం మర్యాద ఉంది. తెలిసినా నేను దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇంటికెళ్ళే దారిలో, ఈ ఏడు పొగ ఉండదు అన్న సంతోషం కూడా నాలో లేకపోలేదు. ఆ సంతోషానికి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

తడి గడ్డి పంగలకర్రకి లేవదు. వంగి, రెండు చేతులూ అడుక్కి పోనిచ్చి, పొట్టకి ఆనించుకుని ఎత్తాలి. మోపు నెత్తిన పెట్టుకుని బురదలో గట్టుదాకా నడవాలి. దివిసీమలో గడ్డికి నిప్పు పెట్టడం వెనకాల ఇంకో కారణం కూడా ఉంది. సెగ తగిలితే ఎలుకలు, వాటి కోసం చేరిన పాములు గట్లెక్కి పోతాయి. ఆ ఏడు తుఫాను నీళ్ళకి కాలవల్లో పాములన్నీ మెరక వెతుక్కుంటూ చేలల్లోకి వచ్చాయి. మెత్తగా, వెచ్చగా పేరుకుని ఉన్నది ఆ గడ్డి బారులే.

కబురు మా సీనియర్ చెప్పాడు. ఎప్పుడూ వెటకారం లేకుండా మాట్లాడని మనిషి. "అమ్మా, ఆ వదిన గారికి పాము కరిచిందంట. రక్తపింజర. అవనిగడ్డ తీసుకెళ్ళి ఇంజెక్షన్లు వేయించారు. ఇప్పుడు మన బందరు తీసుకొస్తున్నారు. నువ్వు ఆస్పత్రికి వెళ్ళు, నేను బయల్దేరాను" అని ఫోన్ పెట్టేశాడు.

నేను చూసేసరికి కుడి చెయ్యి భుజం దాకా వాచి నల్లబడింది. చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. మూత్రపిండాలు పనిచెయ్యడం లేదని డాక్టరు గారు అన్నయ్యకి చెబుతున్నారు. అతను తలాడిస్తున్నాడు గానీ వింటున్నట్టు లేదు. వదిన నన్ను గుర్తుపట్టింది.

"సగం చేనే అయింది అమ్మాయి గారూ" అంది. మాట ముద్దగా వచ్చింది. "మీ అన్నయ్యని ఇక్కడ కూర్చోబెట్టొద్దు. వెళ్ళి మిగతాది తియ్యమనండి. పదును పోద్ది."

అన్నయ్య వెళ్ళలేదు. వాళ్ళ చర్చివాళ్ళు, ఆవిడ అక్కచెల్లెళ్ళు కలిసి చేలోకి దిగి మిగిలిన గడ్డంతా తీశారు. ముందు కర్రలతో కొట్టి, తర్వాత ఎత్తారట. మినుములు కూడా వాళ్ళే చల్లారు. మొలకలు వచ్చాయని చెప్పడానికి ఆవిడ చెల్లెలు ఆస్పత్రికి వచ్చేసరికి వదిన పోయింది. ఊళ్ళోకి తీసుకెళ్ళిన బండి వెనకాలే నేనూ, సీనియరూ వెళ్ళాం. పులిగడ్డ వారధి దాటాక ఆయన, "ఆ బోర్డు పాతించింది నేనే అమ్మా" అన్నాడు. రూలు ప్రకారమే పాతించాడు.

సీజను అయ్యాక మ్యాపు వచ్చింది. మా క్లస్టర్‌లో ఒక్క ఎర్ర చుక్క కూడా లేదు. మేనేజరు గారు స్వయంగా వచ్చి ఆఫీసులో అందరికీ బందరు లడ్డూలు పంచారు. తుఫాను ఏడు కూడా ఒక్క మంట లేకుండా చేశామని మెచ్చుకున్నారు. నేను లడ్డు చేతిలో పట్టుకునే ఆయనకి వదిన సంగతి చెప్పాను. ఆయన మంచివారే. నిజంగానే నొచ్చుకున్నారు. "చాలా బాధాకరం మేడమ్. కానీ పాము కరవడం ప్రాజెక్టు వల్ల జరిగింది కాదు కదా" అన్నారు. రిపోర్టులో ఆ సంగతి రాశాను. పైకి వెళ్ళిన కాపీలో అది లేదు. ఆ నెలలోనే మానేస్తానన్నాను. ఆడిట్ అయ్యేదాకా ఉండమని బతిమాలారు. ఉన్నాను.

క్రెడిట్ అమ్మే ముందు బయటి సంస్థ నుంచి ఒక ఆడిటరు వచ్చి కొన్ని చేలు తన ఇష్టప్రకారం ఎంచుకుని చూస్తాడు. మా ఆడిటరు కుర్రవాడు, నా కంటే చిన్నవాడే అయ్యుంటాడు. రైతుల్ని అండీ అని పిలిచేవాడు, చెప్పులు విప్పి చేలోకి దిగేవాడు. అతను అందరినీ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. "ఈ ప్రాజెక్టు లేకపోతే మీరు గడ్డి కాల్చేవారా?" కాల్చేవాణ్ణి అంటేనే ఆ క్రెడిట్‌కి విలువ. ఎలాగూ కాల్చని చేలో ఆపడానికి పొగే లేదు కదా. ఆ పొద్దున మేం తిరిగిన చేలన్నీ దాదాపు అలాంటివే. తుఫాను ముందే కోత అయిపోయి, అప్పటికే అడుగున మినుము మొలకలు వచ్చిన మెరక చేలు. మొలక మీద ఎవరు నిప్పు పెడతారు? అయినా ఆసాములు ముందుగానే నేర్చుకున్నట్టు "కాల్చేవాళ్ళమండీ" అన్నారు. ఒకాయన మాత్రం, "కాల్చేవాళ్ళమంటే మీరు రాసుకుంటారు, రేపు పోలీసులు రాసుకోరు కదా?" అని అడిగి అందరినీ నవ్వించాడు.

తర్వాత అతని జాబితాలో వదిన వాళ్ళ చేను వచ్చింది. సీనియర్ గబగబా, "అక్కడ దారి బాగోదు సార్, పక్క చేను చూద్దాం" అన్నాడు. ఆడిటరు ఒప్పుకోలేదు. ఎంచుకున్నది మారిస్తే పద్ధతి కాదన్నాడు.

అన్నయ్య ఒక్కడే మినుము పీకుతున్నాడు. గడ్డి పూర్తిగా తీసిన చేను కావడంతో పంట మా క్లస్టర్ మొత్తం మీద అక్కడే ఒత్తుగా పండింది. మమ్మల్ని చూసి నడుం ఎత్తాడు. సన్నబడ్డాడు. ఆడిటరు నమస్కారం పెట్టి తన ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఈ ఏడు గడ్డి కాల్చారాండీ?"

"లేదండి."

"మరి ఎలా తీశారు?"

"చేతుల్తోనండి."

"ఎంతమంది కూలీలు?"

"మొదట నేనూ, మా ఆవిడానండి. మిగతాది మా వాళ్ళండి."

ఆడిటరు మెచ్చుకోలుగా తలాడించాడు. "ఈ ప్రాజెక్టు లేకపోతే కాల్చేవారాండీ?"

"కాల్చేవాణ్ణండి."

"ఖచ్చితంగా?"

అన్నయ్య చేతిలోని మినప చెట్లకి అంటిన మట్టిని మోకాలికేసి దులిపాడు. గొంతు పెంచలేదు. పొద్దున ఎన్ని నీళ్ళు తాగావంటే చెప్పినట్టు చెప్పాడు.

"ఖచ్చితంగా కాల్చేవాణ్ణండి. కాల్చుంటే మా ఆవిడ ఉండేదండి."

ఆడిటరు నా వంక చూశాడు. ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పాను. అతని చేతిలో ట్యాబ్ ఉంది. దాని మీద ఆ ప్రశ్న కింద రెండే గడులు. అవును, కాదు. అతని వేలు గాలిలో అలాగే ఆగిపోయింది. ఆ చేల వరసంతటిలో ఆ పొద్దున మేం విన్న నిజమైన జవాబు అదొక్కటే. మేం అమ్మిన క్రెడిట్లలో మాట తేడా లేనిది, ఎంత గట్టిగా తవ్వి చూసినా నిలబడేది, ఆ చేనుదే. ఇంతమందిమి కలిసి ఇన్నాళ్ళూ తిరిగి నిజంగా ఆపిన పొగ అది.

కాదు అన్న గడి నొక్కడానికి అతనికి వీల్లేదు. అన్నయ్య అబద్ధం చెప్పలేదు కదా. చివరికి అవును అన్న గడి మీద వేలు పెట్టాడు. ట్యాబ్ కింది ప్రశ్నకి వెళ్ళింది. అతను అది చదవకుండా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. సీనియర్ గట్టు దిగి అవతలికి వెళ్ళిపోయాడు.

అన్నయ్య మా ఇద్దరి వంకా చూశాడు. తర్వాత పొద్దు వంక చూశాడు.

"ఇంకేమన్నా అడగాలాండీ?" అన్నాడు. "ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోద్ది."